బూట్లు విప్పాక విజిల్ పట్టండి: మన సరిహద్దు ఊళ్లలో ఆటగాడు రిఫరీగా, కోచ్‌గా మారే దారి

ఒడిశా-ఆంధ్ర సరిహద్దున పర్లాకిమిడిలోనో, కాశీనగర్, గుణుపురం వైపో, పైన మోహన కొండల్లోనో పది పదిహేనేళ్లు ఫుట్‌బాల్ ఆడి, మోకాలు దెబ్బతినో ఇంటి బాధ్యతలు మీద పడో ఆట మానేసినవాళ్లు మన దగ్గర ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్కపెట్టండి. వీధికి ఇద్దరు ముగ్గురు తేలతారు. సాయంత్రం గ్రౌండ్ గట్టు మీద కూర్చుని "అలా కాదురా, వెనక్కి ఇవ్వు, వెనక్కి!" అని పిల్లల మీద అరుస్తుంటారు. వాళ్లు నేర్చుకున్న ఆట వాళ్లతోనే పోతోంది. నా బాధ అదే. గట్టు దిగి మళ్లీ మైదానంలోకి రావడానికి రెండు దారులున్నాయి, రిఫరీ ఒకటి, కోచ్ ఒకటి, వాటిలోకి ఎలా వెళ్లాలో చెబుదామనే ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదట విజిల్, తర్వాత కోచింగ్. చాలామంది కోచ్ అవుదామనుకుంటారు, రిఫరీ పని తిట్లు తినే పని అని పక్కన పెడతారు. నేను పన్నెండేళ్లు లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమ వైపు డిఫెండర్‌గా ఆడాను, రూల్స్ అన్నీ వచ్చనే అనుకున్నాను. విజిల్ పట్టిన మొదటి నెలలోనే తెలిసింది, నాకు వచ్చినవి రూల్స్ కావు, మా ఊళ్లో అందరూ అనుకునే మాటలు. అవే మాటలు నేను పిల్లలకు నేర్పి ఉంటే ఇంకో ఇరవై ఏళ్లు అవే తప్పులు నడిచేవి.

క్రొయేషియా సంగతి కాస్త చెప్పుకుందాం, ఎందుకంటే ఈ విషయంలో నాకు బాగా పనికొచ్చిన ఉదాహరణలన్నీ ఆ దేశం ఆటగాళ్లవే. 2021 లెక్కల ప్రకారం ఆ దేశం జనాభా 39 లక్షల లోపే. మన గంజాం జిల్లా ఒక్కదానిలోనే 2011 నాటికి 35 లక్షల మంది ఉన్నారు. అంత చిన్న దేశం 1998 ప్రపంచ కప్‌లో మూడో స్థానం, 2018లో రెండో స్థానం, 2022లో మళ్లీ మూడో స్థానం తెచ్చుకుంది. దీనికి కారణాలు చాలా ఉంటాయి గానీ నాకు కనిపించే పెద్ద కారణం ఒకటుంది: అక్కడ ఆడినవాళ్లు ఆట మానేశాక గట్టు మీద కూర్చోలేదు. 2018లోనూ 2022లోనూ జట్టును నడిపిన జ్లాట్కో డాలిచ్ ఆటగాడిగా పెద్ద స్టార్ కాదు. కోచ్ అయ్యాక సౌదీ అరేబియా, ఎమిరేట్స్ క్లబ్బుల్లో ఏళ్ల తరబడి పనిచేసి, 2017లో జాతీయ జట్టు బాధ్యత తీసుకున్నాడు.

ఇంకా వెనక్కి వెళితే మనకూ వాళ్లకూ ఒక పాత లెక్క ఉంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఇండియా యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. అప్పట్లో క్రొయేషియా యుగోస్లావియాలో భాగం. ఆ రోజు మన మీద నాలుగు గోల్స్ కొట్టిన బ్రాంకో జెబెట్స్, అదే జట్టు మధ్యలో ఆడిన జ్లాట్కో చాయ్‌కోవ్‌స్కీ, ఇద్దరూ జాగ్రెబ్‌లో పుట్టినవాళ్లే. తర్వాత వాళ్లేం చేశారో చూడండి. చాయ్‌కోవ్‌స్కీ 1955లో జర్మనీలోని కొలోన్ క్లబ్బుకు ఆటగాడిగా వెళ్లాడు, 1962లో అదే క్లబ్బుకు కోచ్‌గా జర్మన్ ఛాంపియన్‌షిప్ గెలిపించాడు. ఆ తర్వాత బయర్న్ మ్యూనిక్‌ను కింది డివిజన్ నుంచి పైకి తెచ్చి 1967లో యూరప్ కప్ విన్నర్స్ కప్ చేతికిచ్చాడు. ఆయన తర్వాత అదే బయర్న్‌కు వచ్చిన జెబెట్స్ 1969లో లీగ్, కప్ రెండూ ఒకే ఏడాదిలో గెలిపించాడు. ఆ సీజన్ లీగ్ మొత్తం ఆయన 13 మంది ఆటగాళ్లతోనే నడిపాడు! ఫిట్‌నెస్ విషయంలో ఆయన ఎంత కఠినంగా ఉండేవాడో ఆ 13 చూస్తేనే అర్థమవుతుంది.

ఇక మన పక్కన ఆ 10-1 చూసిన కోచ్ హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి స్కూలు టీచరు. ఓడి వచ్చాక ఆయన నాలుగేళ్లలో జట్టును మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్లాడు, అక్కడ ఎదురొచ్చింది మళ్లీ యుగోస్లావియానే, ఈసారి 4-1. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం. ఆయన పద్ధతుల్లో మన ఊళ్లకు సరిపోయేవి రెండున్నాయి, కోచింగ్ దగ్గర చెబుతాను.

ఇప్పుడు అసలు పనికి వద్దాం.

మొదట గీతలు. రిఫరీ పని మ్యాచ్ మొదలవక ముందే మొదలవుతుంది, మన దగ్గర మరీను, ఎందుకంటే కోతలు అయ్యాక వరి మడుల్లోనే సగం టోర్నమెంట్లు జరుగుతాయి. గోల్ స్తంభాలు వెదురువి, నెట్ ఉంటే చేపల వల. కొలతలు ఎవరి అడుగులతో వాళ్లు వేస్తారు, పొడుగాయన వేస్తే పెనాల్టీ దూరం పెరుగుతుంది, పొట్టాయన వేస్తే తగ్గుతుంది, ఇక గొడవ అక్కడే మొదలు. దీనికి నేను ఒక నైలాన్ తాడు పెట్టుకున్నాను. ఒక చివర నుంచి 18 అడుగులకు ఒక ముడి, 24కు ఒకటి, 30కు ఒకటి, 36కు ఒకటి, 54కు ఒకటి. 24 అడుగులు గోల్ వెడల్పు, దాని ఎత్తు 8 అడుగులు. 18 అడుగులు గోల్ ముందు చిన్న డబ్బా, 54 అడుగులు పెద్ద డబ్బా, 36 అడుగులు పెనాల్టీ చుక్క. 30 అడుగులు ఫ్రీ కిక్ అప్పుడు గోడ కట్టేవాళ్లు నిలబడాల్సిన దూరం, మధ్య వృత్తం కూడా అదే తాడుతో గీయొచ్చు. చిన్న మడిలో ఏడుగురేసి ఆడేటప్పుడు ఈ కొలతలన్నీ పట్టవు, అప్పుడు అన్నిటినీ సగం చేయండి, కానీ రెండు వైపులా ఒకటే ఉండాలి. మూలలు తిన్నగా రావాలంటే మన మేస్త్రీలు పునాది వేసేటప్పుడు చేసే పనే చేయండి: ఒక వైపు 9 అడుగులు, ఇంకో వైపు 12 అడుగులు గుర్తుపెట్టి ఆ రెండు గుర్తుల మధ్య 15 అడుగులు వస్తే మూల సరిగ్గా ఉన్నట్టు.

గీతలకు సున్నం వాడొద్దు. నీళ్లు పడితే చర్మం కాలుతుంది, కళ్లలో పడితే చూపుకే ప్రమాదం, కింద పడిన పిల్లాడి ముఖం నేరుగా ఆ గీత మీదే ఉంటుంది. ముగ్గుపిండి చాలు.

సామాను పెద్దగా అక్కర్లేదు. లోపల గోళీ లేని విజిల్ కొనండి, గోళీ ఉన్నది వానలో తడిస్తే మోగదు. రెండు వాచీలు, ఒకటి ఆగకుండా నడవాలి, రెండోది దెబ్బలకు, ఆలస్యాలకు ఆపి నడపాలి. పసుపు, ఎరుపు కార్డులు, ఒక నాణెం, రెండు పెన్సిళ్లు. పెన్ను వద్దు, చెమటకీ వానకీ రాయదు. చిన్న నోట్‌బుక్. ఈ నోట్‌బుక్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి.

2006 ప్రపంచ కప్, జూన్ 22, స్టట్‌గార్ట్. క్రొయేషియా, ఆస్ట్రేలియా మ్యాచ్ 2-2తో ముగిసింది. క్రొయేషియా డిఫెండర్ యోసిప్ షిమునిచ్‌కు ఇంగ్లండ్ రిఫరీ గ్రాహం పోల్ 61వ నిమిషంలో పసుపు కార్డు చూపించాడు. 90వ నిమిషంలో మళ్లీ చూపించాడు. రెండు పసుపులంటే బయటికి వెళ్లాలి కదా, షిమునిచ్ వెళ్లలేదు, ఆయన పంపలేదు. చివరి విజిల్ దగ్గర మూడోసారి పసుపు చూపించి, అప్పుడు ఎరుపు తీశాడు. ప్రపంచ కప్‌లో, నలుగురు అధికారులు ఉన్న మ్యాచ్‌లో ఇది జరిగింది! ఎలా అంటే షిమునిచ్ నంబర్ 3, ఆస్ట్రేలియా జట్టులో క్రెయిగ్ మూర్ నంబర్ కూడా 3. షిమునిచ్ పుట్టి పెరిగింది ఆస్ట్రేలియాలోనే, మాట యాస కూడా అక్కడిదే. రిఫరీ నోట్‌బుక్‌లో ఒక కార్డు ఆస్ట్రేలియా 3 కింద పడిపోయింది. ఆ టోర్నమెంట్‌లో పోల్‌కు మళ్లీ మ్యాచ్ ఇవ్వలేదు.

నాకు అలాంటిదే ఒకసారి జరిగింది. గుణుపురం దగ్గర ఒక పల్లె టోర్నమెంట్ సెమీఫైనల్. అరువు జెర్సీలతో వచ్చిన జట్టులో పదో నంబర్ వాళ్లు ఇద్దరున్నారు. మొదటి పసుపు ఒకరికి, రెండో పసుపు ఇంకొకరికి ఇచ్చి, నోట్‌బుక్‌లో "10" పక్కన రెండు గీతలు చూసి రెండో అబ్బాయిని బయటికి పంపేశాను. ఆ అబ్బాయి ఏడుస్తూ వెళ్లిపోయాడు. మ్యాచ్ అయ్యాక తెలిసింది తప్పు నాదని. ఇంటికి వెళ్లి మరీ క్షమాపణ చెప్పాను, కానీ వాళ్లు ఓడిన మ్యాచ్ తిరిగి రాదు.

అప్పటి నుంచి నేను చేసేది ఇది. పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి పైన జట్టు పేరు రాయను, జెర్సీ రంగు రాస్తాను, ఎందుకంటే పరిగెత్తుతూ ఉన్నప్పుడు కంటికి కనిపించేది రంగే. కార్డు ఇచ్చేముందు ఆటగాణ్ని కొంచెం పక్కకు రమ్మని, నంబర్ రాసి, అదే వరుసలో ముందు ఏమైనా ఉందేమో చూసి, అప్పుడు కార్డు తీస్తాను. నంబర్‌తో పాటు ఒక గుర్తు కూడా రాస్తాను, "ఎర్ర బూట్లు", "గడ్డం" అని. మ్యాచ్‌కు ముందే రెండు జట్ల కెప్టెన్లను పిలిచి ఒకే నంబర్ రెండు జెర్సీల మీద ఉంటే తెల్ల టేపుతో మార్పిస్తాను. నంబర్లే లేని జెర్సీలైతే టేపుతో వేయిస్తాను. అయిదు నిమిషాల పని.

రూల్స్ విషయానికొస్తే, ఫుట్‌బాల్‌కు 17 నియమాలు, వాటిని తయారు చేసేది ఐఎఫ్ఏబీ అనే సంస్థ, వాళ్ల యాప్ ఫోన్లో ఉచితంగా దొరుకుతుంది. ఇంగ్లిష్‌లో ఉంటుంది, అయినా భాష తేలికే, రోజుకు రెండు పేజీలు చదివితే సరిపోతుంది. మన గ్రౌండ్లలో ఎక్కువ గొడవ వచ్చే చోట్లు మాత్రం ఇక్కడే చెబుతాను.

ఆఫ్‌సైడ్. బంతి అందుకున్న క్షణం కాదు చూడాల్సింది, తన జట్టువాడు బంతి తన్నిన క్షణం. ఆ క్షణానికి మన ఆటగాడు ఎదుటి జట్టు సగంలో ఉండి, బంతి కన్నా, చివరి నుంచి రెండో ప్రత్యర్థి కన్నా గోల్ గీతకు దగ్గరగా ఉంటే అది ఆఫ్‌సైడ్ స్థానం. గోల్‌కీపర్ కూడా ఆ లెక్కలో ఒకడే. ఇక్కడే రెండో తప్పు, ఆ స్థానంలో ఉండటమే నేరం కాదు, ఆటలో కలగజేసుకుంటేనే విజిల్. త్రో నుంచి, గోల్ కిక్ నుంచి, కార్నర్ నుంచి నేరుగా బంతి వస్తే ఆఫ్‌సైడ్ లేదు. ఈ ఒక్క వాక్యం తెలియక నేను చూస్తుండగా ఎన్ని మంచి గోల్స్ రద్దు చేశారో!

గోల్ కిక్ పెద్ద డబ్బా దాటేవరకు ఎవరూ ముట్టుకోకూడదనే పాత రూల్ 2019లో పోయింది, తన్ని కదిలితే చాలు. డ్రాప్ బంతికి, అంటే మధ్యలో ఆగిన ఆటను మళ్లీ మొదలుపెట్టడానికి రిఫరీ వదిలే బంతికి, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి తన్నుకోవడం కూడా పోయింది, ఒక జట్టులో ఒకరికే ఇస్తారు, మిగతావాళ్లు 4 మీటర్ల దూరం. ఇక 2025 జూలై నుంచి గోల్‌కీపర్ బంతిని చేతుల్లో 8 సెకన్లకు మించి పట్టుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్. ఇది ఇంకా మన దగ్గర చాలామందికి చేరలేదు, మ్యాచ్‌కు ముందు కీపర్లిద్దరికీ చెప్పండి, చెప్పకుండా ఒక్కసారిగా ఊదితే గొడవ మీదకే వస్తుంది.

పల్లె టోర్నమెంట్లకు వాళ్ల సొంత రూల్స్ ఉంటాయి, ఆఫ్‌సైడ్ లేకుండా ఆడేవి, పది నిమిషాల హాఫ్‌లు, డ్రా అయితే నేరుగా మూడేసి పెనాల్టీలు. అది వాళ్ల ఇష్టం, తప్పేం లేదు. కానీ ఆ రూల్స్ ముందే కమిటీతో కూర్చుని రాయించుకుని, కెప్టెన్లకు చదివి వినిపించాలి. చదవడం తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి. కొండ ఊళ్ల జట్లుంటే సవరలో చెప్పగలిగేవాళ్లను పక్కన పెట్టుకోండి. మోహన, ఆర్.ఉదయగిరి వైపు నుంచి వచ్చే సవర కుర్రాళ్లు బ్రహ్మాండంగా ఆడతారు, కానీ మనం తెలుగులో గట్టిగా ఏదో అంటే తిట్టామనుకుని ముడుచుకుపోతారు, లేదా తిరగబడతారు. నేను సవరలో నేర్చుకున్నవి పది మాటలే, వాటితోనే సగం టెన్షన్ తగ్గింది.

లైన్స్‌మెన్ దొరకరు. జట్టుకొకరిని అడిగి జెండా ఇవ్వండి, వాళ్లకు ఒకటే పని, బంతి బయటికి పోయిందా లేదా అన్నది. ఆఫ్‌సైడ్, ఫౌల్ మీరే చూసుకోండి. ఒక్కరే ఉన్నప్పుడు మైదానం ఒక మూల నుంచి ఎదురు మూలకు ఏటవాలుగా పరిగెత్తడం అలవాటు చేసుకుంటే ఎక్కువసేపు బంతికి దగ్గరగా ఉంటారు, నడుమ నిలబడి మెడ తిప్పితే మాత్రం ఏమీ కనబడదు.

దానికి కాళ్లు కావాలి. ఫిఫా స్థాయి మగ రిఫరీలకు ఉండే పరీక్షలో 75 మీటర్లు 15 సెకన్లలో పరిగెత్తి, 25 మీటర్లు 18 సెకన్లలో నడవాలి, అలా 40 సార్లు, అంటే 400 మీటర్ల ట్రాక్ మీద పది రౌండ్లు. మొదటి రోజే అది చేయడానికి వెళ్లకండి, ఆట మానేసి ఏళ్లయిన మోకాళ్లు అవి. రెండు రౌండ్లతో మొదలుపెట్టి, వారానికి ఒక రౌండ్ పెంచండి. ఉదయం అయిదున్నరకు స్కూలు గ్రౌండులో నాలుగు ఇటుకలు పెట్టుకుని నేను చేసేది అంతే.

మెరుపులు. ఒడిశాలో పిడుగులు ఎంతమందిని తీసుకుపోతాయో మనకు తెలుసు, మడి నడుమ తడిసి నిలబడిన ఇరవై రెండు మంది కన్నా సులువుగా దొరికేవాళ్లు ఉండరు. ఉరుము వినబడితే మ్యాచ్ ఆపేయండి. ఫైనల్ అయినా, స్కోరు 1-1 అయినా, ప్రైజు మేకపోతును గట్టున కట్టేసి ఉంచినా సరే. చెట్టు కిందకు వెళ్లనివ్వొద్దు, పక్కా ఇంట్లోకో స్కూల్లోకో పంపండి, చివరి ఉరుము వినబడ్డాక అరగంట ఆగి అప్పుడు మొదలుపెట్టండి. కమిటీవాళ్లు "ఏం కాదు బాబూ, కానీయండి" అంటారు. ఆ మాట వినకండి.

ఇలా ఒక సీజన్, ఇరవై ముప్పై మ్యాచ్‌లు ఊదాక కోచింగ్‌కు రండి. అప్పుడు మీ కళ్లు మారిపోయి ఉంటాయి. నాకైతే మొదట కనిపించింది ఇది: మన పిల్లలు చేసే ఫౌల్స్‌లో ఎక్కువ భాగం కోపంతో చేసేవి కావు, ఆలస్యంగా చేరుకోవడం వల్ల వచ్చేవి. బంతి పోయాక కాలు చేరుతుంది. ఆటగాడిగా ఉన్నప్పుడు నేను దాన్ని "గట్టిగా ఆడటం" అనుకున్నాను. రిఫరీగా పక్క నుంచి చూశాక, నిలబడే చోటు నేర్పితే ఫౌల్ దానంతటదే తగ్గుతుందని అర్థమై, పిల్లలకు ట్యాకిల్ (కాలు పెట్టి బంతి లాక్కోవడం) నేర్పడం మానేసి రెండు నెలలు ఎక్కడ నిలబడాలన్నదే నేర్పాను.

రహీం గారి పద్ధతులు రెండు అన్నాను కదా. ఒకటి, డ్రిబ్లింగ్ లేని మ్యాచ్. బంతి పట్టుకుని ఎవరినీ దాటకూడదు, పాస్ ఇవ్వాల్సిందే. రెండోది, ఎవరి బలహీనమైన కాలితో వాళ్లు ఆడే మ్యాచ్. ఖర్చు ఒక్క రూపాయి లేదు. ఆదివారం ఉదయం ఇరవై నిమిషాలు ఒకటి, ఇరవై నిమిషాలు ఇంకొకటి పెట్టండి. ఎడమ కాలితో బంతి ముట్టుకోని పిల్లలు మూడు నెలల్లో రెండు వైపులా తిరగడం నేను చూశాను. పన్నెండేళ్ల లోపు పిల్లలకు పెద్ద మైదానం, పదకొండు మంది ఆట వద్దు. అయిదుగురేసి, చిన్న గోల్స్, చెప్పులే స్తంభాలు, నాలుగో సైజు బంతి. పదకొండు మందిలో బక్క పిల్లాడికి అరగంటలో బంతి నాలుగుసార్లు కూడా అందదు.

ఆడపిల్లలను పిలవండి, దయచేసి. 2022లో అండర్ 17 మహిళల ప్రపంచ కప్‌లో ఇండియా మూడు మ్యాచ్‌లూ భువనేశ్వర్ కళింగ స్టేడియంలోనే ఆడింది, మైదానంలో విజిల్ ఊదింది మహిళా రిఫరీలే. మన రాష్ట్రంలో ఆడపిల్లల ఫుట్‌బాల్ చాలా చోట్ల మగపిల్లల ఆటకన్నా ముందుంది. పెళ్లయ్యాక ఆట ఆపేసిన అక్కచెల్లెళ్లు మన ఊళ్లలో ఉన్నారు, వాళ్లకు మొదట పిల్లల మ్యాచ్‌కు విజిల్ ఇచ్చి చూడండి.

ఇప్పుడు గట్టు మీద కోచ్ ఎలా ఉండాలన్నది. ఇగోర్ ష్టిమాట్స్‌ను తీసుకుందాం (పేరు చివర అది "ట్స్", మన టీవీల్లో "స్టిమాక్" అంటుంటారు, కానీ వాళ్ల భాషలో అలా కాదు). 1998లో మూడో స్థానం వచ్చిన క్రొయేషియా జట్టులో డిఫెండర్, ఇంగ్లండ్‌లో డెర్బీ కౌంటీకి, వెస్ట్ హామ్‌కు ఆడాడు, తర్వాత క్రొయేషియాకే కోచ్ అయ్యాడు, 2019 మే నుంచి 2024 జూన్ దాకా ఇండియా కోచ్. 2023 జూన్ 18న మన భువనేశ్వర్‌లో లెబనాన్ మీద 2-0తో ఇంటర్‌కాంటినెంటల్ కప్ గెలిచారు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన కోటి రూపాయల బహుమతిలో 20 లక్షలు ఆ జట్టు బాలేశ్వర్ రైలు ప్రమాద బాధితులకు ఇచ్చింది, అది నేను మరచిపోలేను. సరిగ్గా మూడు రోజులకు బెంగళూరులో ఇంకో టోర్నమెంట్, పాకిస్తాన్‌తో మ్యాచ్. ఇండియా 2-0తో ముందుంది. పాకిస్తాన్ ఆటగాడు త్రో వేయబోతుంటే ష్టిమాట్స్ గీత దగ్గర బంతిని అతని చేతుల్లోంచి తోసేశాడు. రెడ్ కార్డ్. ఇండియా 4-0తో గెలిచింది కానీ కోచ్ సస్పెండ్ అయ్యాడు, అదే టోర్నమెంట్‌లో కువైట్ మ్యాచ్‌లో మళ్లీ రెడ్ పడింది.

కార్డులు కోచ్‌లకు కూడా చూపించే రూల్ 2019లో వచ్చింది. 12వ నియమం చదివితే, ఎదుటి జట్టు ఆట మళ్లీ మొదలుపెట్టకుండా బంతి పట్టుకోవడం, తన్నేయడం, ఆటగాణ్ని అడ్డుకోవడం కోచ్‌కు నేరుగా రెడ్ కార్డ్ తప్పులని స్పష్టంగా రాసి ఉంది. అంత అనుభవం ఉన్న ఆటగాడు ఆ క్షణంలో చేయి ఆపుకోలేకపోయాడు. నేను మా పిల్లల మ్యాచ్‌కు వెళితే గట్టుకు రెండడుగులు వెనక కుర్చీ వేసుకుంటాను, బంతి నా వైపు వస్తే ముట్టుకోను. రిఫరీ తప్పు చేశాడనిపిస్తే హాఫ్ టైమ్‌లో కూడా వెళ్లను. మ్యాచ్ అయ్యాక, నీళ్లు తాగాక, పక్కన కూర్చుని అడుగుతాను. విజిల్ ఊదినవాడిని కాబట్టి ఆ అబ్బాయి ఎంత ఒత్తిడిలో ఉన్నాడో నాకు తెలుసు.

రెండు పనులూ చేస్తున్నప్పుడు ఒక కట్టుబాటు తప్పదు. మీరు నేర్పే పిల్లలు ఆడే మ్యాచ్‌కు విజిల్ పట్టొద్దు. ఆ జట్టు ఉన్న గ్రూపులో ఏ మ్యాచ్‌కూ వద్దు. మీరు ఎంత నిజాయితీగా ఊదినా ఎదుటి ఊరివాళ్లు నమ్మరు, నమ్మాల్సిన అవసరం కూడా వాళ్లకు లేదు. టోర్నమెంట్ కమిటీకి ముందే చెప్పేయండి, "మా పిల్లలు వస్తున్నారు, నేను అవతలి గ్రూపు చూస్తాను" అని.

డబ్బు సంగతి కూడా సూటిగా మాట్లాడుకోవాలి. నాకు మొదటి మ్యాచ్‌కు ఇచ్చింది 150 రూపాయలు, భోజనం. ఇప్పుడు ముందే ఫోన్లో ఫీజు, బస్సు ఛార్జీ మాట్లాడుకుని, ఫైనల్ మొదలవక ముందే తీసుకుంటాను. ఫైనల్ అయ్యాక గెలిచినవాళ్లు ఊరేగింపులో ఉంటారు, ఓడినవాళ్లు కోపంగా ఉంటారు, కమిటీవాళ్లు ఎక్కడుంటారో తెలియదు. ఒకసారి ఒక టోర్నమెంట్‌లో రెండు రోజులు ఊది చేతిలో రూపాయి లేకుండా రాత్రి పూట కాశీనగర్ రోడ్డు మీద నడిచాను. మీకు అలా జరగకూడదు.

ఇక కాగితాలు. ఇటు వైపు ఉన్నవాళ్లకు రాష్ట్ర సంఘం ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆఫ్ ఒడిశా, కటక్‌లో ఉంటుంది, దాని కింద జిల్లా సంఘాలు. పాతపట్నం వైపు ఇల్లు ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్ సంఘంలోకి వస్తారు. సిరొంచలో ఉండే మనవాళ్లు ఇది చదివితే, మహారాష్ట్రకు సంఘం వెస్టర్న్ ఇండియా ఫుట్‌బాల్ అసోసియేషన్. ముందు జిల్లా సంఘం కార్యదర్శిని కలవండి, రిఫరీ పరీక్ష ఎప్పుడు పెడుతున్నారో అడిగి పేరు రాయించుకోండి. పరీక్షలో రూల్స్ మీద రాత భాగం, పరుగు భాగం ఉంటాయి. జిల్లా, రాష్ట్రం, జాతీయం, చివర ఫిఫా, ఇలా మెట్లు. మన దక్షిణాది నుంచి కోమలీశ్వరన్ శంకర్ 2002 ప్రపంచ కప్‌లో అసిస్టెంట్ రిఫరీగా పనిచేశాడు, ఆయన మొదలుపెట్టిందీ కింది మెట్టు నుంచే.

కోచింగ్‌కు డి లైసెన్స్ నుంచి మొదలుపెట్టాలి, ఆ తర్వాత సి, బి, ఎ, చివర ప్రో. మామూలుగా మధ్యలో మెట్టు దూకనివ్వరు. కోర్సు నోటీసులు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య, రాష్ట్ర సంఘం ఇస్తాయి, వయసు, ఫీజు, సీట్ల సంఖ్య ఆ నోటీసులోనే ఉంటాయి, అది పూర్తిగా చదివాకే డబ్బు కట్టండి, మధ్యలో ఎవరికీ ఇవ్వకండి. తరగతులు ఎక్కువగా ఇంగ్లిష్, హిందీ, ఒడియా కలిపి నడుస్తాయి. తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లు దీనికి భయపడి ఆగిపోతున్నారు. ప్రాక్టికల్‌లో చూసేది మీరు మైదానం ఎలా అమర్చారు, పిల్లలతో ఎలా మాట్లాడారు, తప్పు ఎక్కడ ఆపి సరిదిద్దారు అన్నవే. కోర్సుకు వెళ్లే ముందు నెల రోజులు మీ పిల్లలతోనే రోజుకొక గంట పాఠం కాగితం మీద ముందుగా రాసుకుని నడపండి, మైదానం బొమ్మ వేసి బాణాలు గీయండి, మాట తడబడిన చోట బొమ్మ చూపించవచ్చు.

చివరిగా చిన్న విషయం, కానీ దీని వల్ల నేను ఒక కోర్సు పోగొట్టుకున్నాను. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి ఒడియా స్కూళ్లలో వెనక రాస్తారు, ఆధార్‌లో ఇంకోలా పడుతుంది. ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌లో పేరు, జనన ధ్రువపత్రంలో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. కోర్సు నోటీసు వచ్చాక సరిచేయించుకుందామంటే సమయం చాలదు, ఈ వారమే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.